పొదలో కదిలింది పంది కాదు

తానొక మనిషి ప్రాణం తీశానని గాస్పార్‌కి తెలిసింది సోమవారం పొద్దున, కాఫీలో రొట్టె ముంచుకుంటున్నప్పుడు.

తలుపు తట్టింది పక్క తోట ఓదీల్. నల్ల శాలువా కప్పుకుంది. చేతిలో మొగుడు అన్సెల్మ్ టోపీ. టోపీకి ఇటునుంచి అటు చిల్లు.

"నిన్న మా తోటవైపు పేల్చింది నువ్వే కదూ?"

గాస్పార్ గొంతులో రొట్టె అడ్డం పడింది. పేల్చిన మాట నిజమే. పొద కదిలింది, పేల్చాడు. లోపలున్నది పందో కాదో చూసుకోలేదు. అటువైపు ఇల్లుందని తెలిసే పేల్చాడు. ఊరి వేటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు ఆయనే. ప్రతి ఆదివారం వేటకు ముందు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి నియమాలు చదివేదీ ఆయనే. కంటితో పోల్చుకోనిదే పేల్చరాదు, ఇళ్ళవైపు పేల్చరాదు. ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో సాసేజ్ పట్టుకుని గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. వినకుండానే అందరూ సంతకాలు పెట్టేస్తారు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, నిన్న ఆ కాగితం చదివిన గంటకే ఈ ఘనకార్యం.

"మా ఆయన ఆ పొద వెనక పుట్టగొడుగులు ఏరుతున్నాడు" అంది ఓదీల్. "గుండు టోపీలోంచి దూసుకుపోయింది. తలకి గీత కూడా పడలేదు. ఆ అదురుకే గుండె ఆగిపోయింది."

"పందనుకున్నానక్కా!"

"టోపీ పెట్టుకున్న పందనా?"

గాస్పార్ కళ్ళముందు జైలు ఊచలు కనిపించాయి. పాపం, అన్సెల్మ్! వీళ్ళ తూటాలకు జడిసి సొంత పెరట్లో కోడిగుడ్లు తెచ్చుకోవడానికి కూడా నారింజరంగు చొక్కా తొడుక్కునేవాడు. ఇరవయ్యేళ్ళు మేయరుకి అర్జీలు పెట్టుకున్నాడు. గుమ్మడికాయ వస్తోందర్రోయ్ అని వేటగాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకసారి తీగ మీద ఆరేసిన ఆయన ప్యాంటుకి తూట్లు పడితే, "పోన్లే పెద్దాయనా, గాలి ఆడుతుంది" అన్నది స్వయంగా గాస్పారే.

"ఏడవకు. గుండెజబ్బని డాక్టరు రాసేశాడు. నేను నోరు విప్పను" అంది ఓదీల్. "కానీ నీ తుపాకీ, లైసెన్సూ ఇప్పుడే నా చేతిలో పెట్టు. బతికున్నన్నాళ్ళూ వేట మాటెత్తకు. ఈ సంగతి నీ పెళ్ళానికే కాదు, చర్చి ఫాదరుకి కూడా చెప్పకూడదు. తెలిసిందా?"

"నీ మేలు ఈ జన్మలో మర్చిపోనక్కా."

తాతలనాటి తుపాకీని చివరిసారి ముద్దుపెట్టుకుని అప్పగించాడు. ఆవిడ దాన్ని చీపురుకట్టలా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

బుధవారం అంత్యక్రియలు. సంఘంలో ఉన్నదే ఆరుగురు. శవపేటిక మోయడానికి ఆరుగురూ నేనంటే నేనని ఎగబడ్డారు. గాస్పార్ వెక్కి వెక్కి ఏడ్చాడు. మాంసం కొట్టు రెమి అంతకన్నా గట్టిగా ఏడుస్తుంటే ఆయనకి ఒళ్ళు మండింది. చంపింది నేనైతే మధ్యలో వీడి ఏడుపేమిటి?

ఆ ఆదివారం మోకాలినొప్పని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాడు. తీరా చూస్తే వేటకు ఎవరూ పోలేదు. రెమికి చేపల మీద మనసు మళ్ళిందట. పోస్ట్‌మాన్ బాతిస్త్‌కి తుపాకీ మోతకి చెవిపోటట. ఎందుకని గాస్పార్ అడగలేదు. అడిగితే తిరిగి తననే అడుగుతారని భయం. పందులు మాత్రం చర్చి ముందు నుంచి పెళ్ళివారిలా దర్జాగా నడిచి వెళ్ళసాగాయి.

నవంబర్ ఒకటి వచ్చింది. సమాధుల మీద చేమంతులు పెట్టే రోజు. తిండీ నిద్రా లేక గాస్పార్ అప్పటికే సగమైపోయాడు. క్షమాపణ చెప్పుకోకపోతే తన గుండె కూడా ఆగిపోయేలా ఉంది. బజారులో అన్నిటికన్నా పెద్ద చేమంతి కుండీ కొని, అందరికన్నా ముందే స్మశానానికి బయల్దేరాడు.

అన్సెల్మ్ సమాధి దగ్గర అప్పటికే అయిదు కుండీలు. వాటి వెనక తలలు వంచుకుని సంఘసభ్యులు అయిదుగురూ.

"మీరెందుకొచ్చార్రా?"

రెమి బావురుమన్నాడు. "చంపింది నేనేరా గాస్పార్! పొద కదిలితే పందనుకున్నా!"

"నోర్ముయ్. చంపింది నేను!"

"మీ మొహాలకి అంత గురి కూడానా? చంపింది నేను" అన్నాడు బాతిస్త్. "ఓదీలక్క నాకే చెప్పింది."

ఇన్నేళ్ళూ ఎవరి కోడి చచ్చినా ఆ గుండు నాది కాదంటే నాది కాదన్నవాళ్ళు, ఆ రోజు నాదంటే నాదని కాలర్లు పట్టుకున్నారు.

పక్కన తల్లి సమాధి తుడుస్తున్న ఊరి డాక్టరు ఆ గోలకి లేచి వచ్చాడు. "ఇదేం కొట్లాటయ్యా, స్మశానంలో?"

"మీరే తేల్చండి డాక్టరుగారూ" అన్నాడు గాస్పార్ రొప్పుతూ. "ఆ ఆదివారం అన్సెల్మ్ ప్రాణం సరిగ్గా ఎన్నింటికి పోయింది? ఆ టైముకి పేల్చినవాడే హంతకుడు."

డాక్టరు ఆరుగురినీ ఎగాదిగా చూశాడు.

"ఆదివారమేమిటయ్యా? శనివారం మధ్యాహ్నమే, నా కళ్ళముందే, మంచం మీద హాయిగా పోయాడు. ఎందుకోగానీ పెళ్ళాం వంక చూసి ఒకటే నవ్వు నవ్వుతూ ఆఖరి కోరిక ఒక్కటే కోరాడు, తను పోయిన కబురు మీ ఆదివారం వేట ముగిసేదాకా ఊళ్ళో ఎవరికీ పొక్కనివ్వొద్దని!"