కిర్రుచెప్పులు

ఇప్పుడు ఏ ఆసుపత్రిలోనైనా, యంత్రాల మీద బతుకుతున్న రోగి నాలుక కింది సన్నటి రక్తనాళాలు మంచం పైనున్న తెరమీద కనిపిస్తాయి. అయినవాళ్ల గొంతు వింటే అవి ఎర్రగా విచ్చుకుంటాయని అందరూ వంతులేసుకుని రోగికి కబుర్లు చెబుతుంటారు.

రిటైరైన డ్రిల్లు మాస్టారు కోదండపాణి వస్తే మాత్రం కూతురు హైమ తెర పాలిపోతోంది.

"నేనింకా నోరే విప్పలేదు కదమ్మా?" అన్నారు.

నర్సు తటపటాయించింది. "మాటలక్కాదు మాస్టారూ. వరండాలో మీ చెప్పుల కిర్రు వినగానే నాళాలు ముడుచుకుపోతున్నాయండి."

పక్క మంచాల దగ్గరున్న చుట్టాలు చూపులు తిప్పుకున్నారు.

చిన్నప్పుడు ఆ చప్పుడుకే హైమ నవ్వాపేసి పుస్తకం ముందేసుకునేది. పిల్లకి ఎంత భయభక్తులో అని ఆయన ఊరంతా చెప్పుకున్నారు.

మర్నాడు మాస్టారు లిఫ్టు దగ్గరే చెప్పులు విప్పి, చంకలో పెట్టుకుని, దొంగలా నడిచొచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. తెర ఎర్రగానే ఉంది.

ఆయన లోపలికి వెళ్లలేదు.