పదకొండింటికి వచ్చేవాళ్లు

"వెన్న మెత్తబడిందో లేదో వేలు పెట్టి చూడు," అంది అమ్మ.

బుడంకాయ వేలు పెట్టింది. తీసి నాకింది. ఆరేళ్ల పిల్ల. అసలు పేరు బడి పుస్తకాల మీద తప్ప ఇంట్లో ఎక్కడా వినపడదు.

"చూడమన్నాను. తినమన్లేదు."

"తింటేనే కదమ్మా తెలిసేది."

ఇంకోరోజైతే అమ్మ నవ్వేది. ఇవాళ పిండి జల్లిస్తూ ఉండిపోయింది.

ఈ దేశం వచ్చాక పండగ బిస్కెట్లు చెయ్యడం ఇదే మొదలు. వీధి వీధంతా దీపాల తోరణాలు. పక్కిళ్లలో నెల రోజులుగా ఇదే పని. వీళ్లని చెయ్యమన్నది నీలికోటు ఆవిడ. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడివాళ్ల ముక్కుకి ఏది నచ్చుతుందో, కంట్లో ఏది గుచ్చుకుంటుందో ఆవిడకి కొట్టినపిండి. దాల్చినచెక్క నాలుగు చిటికెలు ఎక్కువే వెయ్యమంది. వారం రోజులు ఇంగువ పోపు మానెయ్యమంది. గోడల మీది ఫోటోలు తీసెయ్యమంది.

"మన మొహాలు అంత బాగోలేవా?" అన్నాడు నాన్న. అన్నాడే గానీ, స్టూలెక్కి తనే తీశాడు.

ఆయన ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఇవాళ పదకొండింటికి వచ్చేవాళ్లలో ఒక్కరికి నచ్చినా నెలాఖరు గండం గట్టెక్కినట్టే. నచ్చకపోతే ఏం చెయ్యాలో మొగుడికీ తెలియదు, పెళ్లానికీ తెలియదు. ఆ మాట అనుకోవడం కూడా మానేశారు.

బుడంకాయకి మాత్రం ఇవాళ పండగే. చదునుగా ఒత్తిన పిండి మీద నక్షత్రాల అచ్చు పెట్టి రెండు చేతులా గుద్దుతోంది.

"పిల్లలు కూడా వస్తారా?"

"వస్తారేమో."

"నా గది చూపిస్తా. నా మంచం కూడా."

"ఊఁ."

"బిస్కెట్లు నేనే ఇస్తా. నువ్వు ఇవ్వకూడదు."

"ఊఁ."

నాన్న సింకు దగ్గర కుళాయి తుడుస్తున్నాడు. పొద్దుట్నుంచి అది మూడోసారి.

"నిన్ను చూసుకోడానికి వచ్చినరోజు మీవాళ్లు కూడా ఇంత తుడిచుండరు," అన్నాడు.

"తుడిచారు. మీరే చూళ్లేదు. మీ చూపంతా పలహారాల పళ్లెం మీదుంది."

నవ్వు రావాల్సిన చోటు. వస్తుందేమోనని ఇద్దరూ కాసేపు ఆగారు. వచ్చింది మాడు వాసన.

మొదటి వాయి సంగతి ముగ్గురూ మర్చిపోయారు. ఓవెన్ తలుపు తీస్తే నక్షత్రాలన్నీ బొగ్గులు. బుడంకాయ పెదవి వంకర తిరిగింది.

"ఏడవకు. బిస్కెట్లు పోతే పోయాయి. ముందు ఈ వాసన పోవాలి," అంది అమ్మ. వెళ్లి కిటికీలన్నీ బార్లా తెరిచింది. నాన్న తువ్వాలు తీసుకుని గది గదికీ తిరిగి పొగని బయటికి విసిరాడు. చలి నేరుగా లోపలికొచ్చి సోఫాలో కూర్చుంది. పావుగంట ముగ్గురూ స్వెట్టర్లు కూడా వేసుకోకుండా అలాగే నిలబడ్డారు.

రెండో వాయి పెట్టి అమ్మ ఓవెన్ ముందే చతికిలబడింది. అద్దంలోంచి రెప్ప వెయ్యకుండా చూసింది. అంచులు ఎర్రబడ్డాయి. వాసన ముందు వంటగది నింపింది, తర్వాత హాలు, ఆ తర్వాత మెట్లెక్కి పైకి పోయింది.

"పడగ్గది దాకా వస్తోందే," అన్నాడు నాన్న పైనుంచి.

"స్నానాలగదిలోకి?"

"అక్కడిక్కూడా."

అమ్మ లేచి చేతులు కడుక్కుంది.

పదకొండుకి పది నిమిషాలుందనగా కాలింగ్ బెల్ మోగింది. నీలికోటు ఆవిడ. హాలు మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.

"సరిగ్గా ఇలాగే ఉండాలి," అంది.

బయట కార్లు ఆగిన చప్పుడు. బుడంకాయ కొత్త గౌనులో పళ్లెం రెండు చేతులా ఎత్తిపట్టుకుని తలుపుకి ఎదురుగా నిలబడింది.

నీలికోటు ఆవిడ వంగి, పిల్ల చేతుల్లోంచి పళ్లెం మెల్లగా తీసి బల్ల మధ్యలో పెట్టి, "ఇక మీ ముగ్గురూ వెనక తలుపులోంచి వెళ్లి ఓ రెండు గంటలాగి రండి, ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లకి అందులో కాపురం ఉంటున్నవాళ్లు కనపడకూడదు," అంది.