కేకలు మింగే పెట్టె

పళ్ళ డాక్టరుగారి గదిలోంచి పెద్ద కేక వినిపించింది. అంతే, బయట కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు చెప్పుల్లో కాళ్ళు దూర్చి ఉడాయించారు. మూడో ఆయన దవడ పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు.

"తమ్ముడూ, తొందరగా కానీ! ఈయన కూడా లేచిపోతే ఇక దుకాణం కట్టేసుకోవడమే," అంది డాక్టరుగారి భార్య. అక్కడ చీటీలు రాసేదీ, పారిపోయేవాళ్ళని బతిమాలేదీ ఆవిడే.

మెకానిక్ మూలనున్న పాత జూక్‌బాక్స్ అనే పాటల పెట్టె వెనక దూరి వైర్లు కలుపుతున్నాడు. దాని పొట్టలోని స్పీకరు ఎంత పెంచినా గొణుగుతుందే తప్ప, లోపలి కేకల్ని మింగలేకపోతోంది. అందుకే ఆ స్పీకర్ని విప్పేసి, గోడకి రెండు కొత్త స్పీకర్లు బిగించాడు.

"ముందు స్విచ్చెయ్యవయ్యా, వైర్లు తర్వాత కలుపుదువుగానీ."

"అమ్మో! ఇది వాల్వుల యాంప్లిఫయరక్కా. స్పీకరు తగిలించకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ మాడి మసైపోతుంది."

ఆ మాట అంటూనే బుగ్గ పట్టుకున్నాడు. నెల్లాళ్ళుగా ఓ పన్ను అతన్ని చంపుకు తింటోంది. కానీ ఆ కేక విన్నాక, పని ముగించుకుని బయటపడితే చాలనుకున్నాడు పాపం.

చివరి స్క్రూ బిగించి స్విచ్ వేశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పాడైపోయిందా?" అంది ఆవిడ.

"వాల్వులు వేడెక్కాలక్కా. కాస్త ఓపిక పట్టు."

ఓపిక పట్టే వ్యవధి ఏదీ? లోపల ఇంకో కేక. మూడో ఆయన లేచి ఒక కాలు గుమ్మం బయట పెట్టనే పెట్టాడు. అప్పుడు అందుకున్నాయి స్పీకర్లు! హుషారైన పాటకి కిటికీ అద్దాలు కూడా అదిరాయి. ఆయన కాలు వెనక్కి తీసుకుని, తొడమీద తాళం వేస్తూ కూర్చున్నాడు.

లోపలి పేషెంటు నోటినిండా దూదితో బయటికొచ్చి, ఎవరితోనూ ఏమీ చెప్పలేక దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"రా తమ్ముడూ, నీ పన్ను కూడా చూపించుకుని వెళ్ళు," అంటూ ఆవిడ మెకానిక్ చెయ్యి పట్టుకుంది.

"ఆయనుండగా నేనెందుకక్కా..."

"నాకేం తొందర లేదు బాబూ, నువ్వే కానివ్వు," అన్నాడు మూడో ఆయన మహా మర్యాదగా.

మెకానిక్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కుర్చీలో వాలాడు. నోరు తెరిచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పంటికి ఏదో తగిలింది. భయంతో అతని దవడలు వాటంతటవే బిగుసుకుపోయాయి.

గది దద్దరిల్లేలా కేక!

మెల్లిగా కళ్ళు తెరిచి చూశాడు. కేక తనది కాదు. డాక్టరుగారు చెయ్యి విదిలిస్తూ గదంతా గెంతుతున్నారు.

దూదీ, కట్టుగుడ్డా పట్టుకుని పరుగున వచ్చిన భార్య ఆ చెయ్యి లాక్కుని ఊదుతూ అంది: "హమ్మయ్య, బయటికి వినబడలేదు! ఇవాళ ఇది మూడో వేలండీ."