నిద్రపోనియ్యకు

తలుపు కొట్టిన మనిషిని చూడగానే రేణుకకు ఒళ్ళు మండింది.

గుంటలు పడ్డ కళ్ళు. ముందు పళ్ళు రెండు లేవు. ముంబై కామాటిపురలో పుట్టి పెరిగిన మనిషికి అలాంటి మొహాలు కొత్త కాదు. మందు దుకాణం ఎప్పుడు తెరుస్తారా అని గల్లీ మొదట్లో కాచుకునే మొహాలు.

"ఎల్లయ్య ఇల్లు ఇదేనా చెల్లె?"

"ఏం పని?"

"జర కలవాలె."

"ఇంక ఎనిమిది గాలే, అప్పుడే తాగనీకి తోలుకపోతవా? మూడు దినాలు తాగింది సాలదా?"

అతను ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తున్నాడు.

లోపల ఎల్లయ్య గోడకు చేరగిలబడి ఉన్నాడు. టైల్స్ పరిచే మేస్త్రీ. మూడు రోజులుగా పనికి పోలేదు. అన్నం ముట్టలేదు, మందే. తెల్లవారుజామున లేచి గుండె దడదడమంటోందన్నాడు. ఎవరో చంపడానికొస్తున్నారన్నాడు. ఆ భయం తగ్గాలని సీసాలో మిగిలింది కూడా తాగేశాడు. షుగర్ గోళీ మాత్రం తప్పకూడదని రేణుకే మింగించింది.

ఇప్పుడు బనియను చెమటకు తడిసి ముద్దయింది. మాట తడబడుతోంది.

"అది మత్తు గాదు చెల్లె." అతను ఆమెను తోసుకుని లోపలికొచ్చాడు. "షుగర్ పడిపోయింది. చక్కెర తే, జల్ది!"

"బయటికి నడువ్!"

అతను వినలేదు. పొయ్యి పక్కన డబ్బాలు తీసి చూసి చక్కెర దొరకబుచ్చుకున్నాడు. తడి వేలికి అద్దుకుని ఎల్లయ్య చిగుళ్ళకు రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. కిటికీలో ఉన్న గోళీల పట్టీ మీద అతని చూపు పడింది.

"ఇయ్యాల గోళీ ఏసుకున్నడా?"

రేణుక అప్పటికే గదుల ముందున్న గ్యాలరీలోకి పరుగెత్తింది. "మంగేష్! ఎవడో తాగుబోతు ఇంట్ల జొర్రిండు!"

పక్క గది మంగేష్ వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు.

ఎల్లయ్య కళ్ళు తెరిచాడు. నీళ్ళడిగాడు. ఎదురుగా ఉన్న మనిషిని ఎన్నడూ చూడనట్టు చూశాడు.

"మా ఆయనకు నువ్వెవరో గూడ తెల్వదు!" రేణుక అతని చెంప మీద ఒక్కటిచ్చింది.

"కౌన్ హై రే తూ? ఎవడు పంపిండు? చెప్పు!" అన్నాడు మంగేష్.

అతను నోరు తెరిచాడు. ఎల్లయ్య వైపు చూసి మూసుకున్నాడు.

మెట్ల మీద ఈడ్చుకుపోతుంటే మాత్రం అరుస్తూనే ఉన్నాడు.

"చెల్లె, నిద్రపోనియ్యకు! తినిపియ్యి! దవాఖానకు తోల్కపో! గోళీ పని ఇంక అయిపోలే, మళ్ళ పడిపోతది!"

"బేవ్డా సాలా, తాగుబోతోడు" అని కింది అంతస్తులో ఎవరో నవ్వారు.

రేణుక చాయ్ పెట్టి ఇచ్చింది. ఎల్లయ్య రెండు గుక్కలు తాగి పక్కకు ఒరిగాడు. ఇన్ని రోజులకు కునుకు పట్టింది కదా, పడుకోనీ అనుకుంది. కుళాయి దగ్గర బిందెలు చప్పుడు చెయ్యొద్దని అందరికీ చెప్పొచ్చింది కూడా.

పదిన్నరకు లేపితే లేవలేదు.

టాక్సీలో దవాఖానకు తీసుకెళ్ళారు. డాక్టర్ చేతిలోని కాగితం చూస్తూ హిందీలో అడిగాడు.

"షుగర్ ఇరవైకి పడిపోయిందమ్మా. తిండి లేకుండా ఇంత తాగితే ఒంట్లో షుగర్ తయారు కాదు. పైన షుగర్ గోళీ ఒకటి. దడ, వణుకు, భయం ఏమైనా కనిపించాయా?"

"తెల్లారంగ నుంచి."

"పొద్దున ఏమైనా పెట్టారా?"

"ఒకతను చక్కెర పెట్టిండు. కండ్లు తెరిచిండు."

"విషయం తెలిసినవాడే. వెంటనే ఇక్కడికి తీసుకురమ్మని చెప్పలేదా?"

సాయంత్రానికి ఎల్లయ్య పోయాడు.

మర్నాడు పొద్దున, చాపల మీద చుట్టాలు కూర్చుని ఉండగా ఎల్లయ్య ఫోన్ మోగింది. పేరు లేని నంబరు. పనికి పిలిచేవాళ్ళేమోనని రేణుక ఎత్తింది. ఉన్న మాట చెప్పేలోపే అవతలి మనిషి అందుకున్నాడు.

"తమ్మీ, ఎట్లున్నవ్?"

ఆ గొంతును ఆమె గుర్తుపట్టింది.

"భయమైతుందా? మాట్లాడకున్నా పర్వలే, ఇను. నాకు గూడ గిట్లనే ఉండె. ఇడిచిపెట్టి తొమ్మిదేండ్లాయె. ఒక్కపారే బంద్ జేస్తే పాణం మీదికొస్తది, ముందుగాల డాక్టర్‌ను కలుద్దం. నేను గల్లీ మొదట్లనే నిలబడ్డ."

అతని వెనక ఏదో బస్సు హారన్ కొట్టింది. అది తగ్గేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"నిన్న తెల్లారంగ నువ్వు మా తాగుడు మానినోళ్ళ సంఘానికి ఫోన్ చేసి 'తాగుడు మానుత అన్నా, నువ్వే వచ్చి తోల్కపో' అని ఏడ్చిన సంగతి మీ ఇంటామెకు చెప్పలే తమ్మీ, ఎవ్వరికీ చెప్పద్దన్నవ్ కద."