మళ్ళీ చెప్పేదాకా

"ఆ మాస్కు తీసి మాట్లాడు పెద్దాయనా!"

దేవదాస్ అరుపుకు ప్రార్థన గదిలోని పదిహేను మందీ వెనక్కి తిరిగారు.

చివరి వరసలో, ఆ రోజే కొత్తగా వచ్చిన ముసలాయన లేచి నిలబడ్డాడు. మాస్కు మాత్రం తీయలేదు.

గోడాదరా బస్తీకి వలసొచ్చిన మన నేతపనివాళ్ళకు ఇదో జబ్బు. సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో చెవులు సగం పోయి, పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైపోయింది. కరోనా వచ్చి మూతులు మూసేసరికి, పెదవులు కనబడని మనిషిని నమ్మడమే మానేశారు.

పైగా ఆ రోజు అందరి కడుపూ మండుతోంది. వానకు కూలిన గది వెనక గోడ కట్టుకుంటుంటే ఎవడో అర్జీ పెట్టాడు. పని ఆపమని మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఈసారి వానలు పడితే గది మొత్తం నేలమట్టమే!

అందుకే సంఘ పెద్దగా నిలబడి వాక్యం చెప్పే దేవదాస్, ఆ పూట ఎజ్రా గ్రంథం తీశాడు. పగవాళ్ళు ఉత్తరం రాస్తే రాజు యెరూషలేము కట్టడం ఆపించిన చోటు.

"చూసిండ్రా? గప్పుడు గూడ అర్జీ రాసినోడే చెడగొట్టిండు!"

అది విని ముసలాయన ఏదో గొణిగాడు. మాస్కు గొడవ అక్కడ మొదలైంది.

"డాక్టరు తియ్యొద్దన్నడు బిడ్డా. గట్టిగ చెప్త, ఇను. మళ్ళ నేను చెప్పేదాక కట్టొద్దన్నడు రాజు. గొళ్ళెం పెట్టిండు గని తాళమెయ్యలే. జర ముంగటికి చదువు, పాత పర్మిషన్ కాయిదం దొరుకుతది. మనది గూడ..."

"నాకే నేర్పుతున్నవా?"

ఇంతలో ముందు వరసలోని గంగవ్వ ముసలాయన్ను గుర్తుపట్టింది.

"గీయన్నే అన్నా! మొన్న ఆఫీసుల చూసిన. కాయిదాల కట్ట పట్టుకొని క్లర్కు ముంగట నిలబడ్డడు."

"ఓహో! అర్జీ పెట్టింది నువ్వేనా?"

"కాదు బిడ్డా, నేను..."

"నడువ్ బయటికి!"

ముసలాయన తలుపు చెక్కను ఒకసారి తడిమి, గడప దాటాడు.

దేవదాస్ ఊపిరి పీల్చుకుని, ప్రతి ఆదివారం చేసే ప్రార్థనతో ముగించాడు.

"ముప్పై ఏండ్ల కింద ఈ గది కట్టిచ్చి, జోల్వా ఊరి దిక్కు పోయిన బ్రహ్మచారి పేరుగల అయ్య ఏడున్నా సల్లగ సూడు ప్రభువా!"

అక్కడున్న ఒక్కరూ ఆ అయ్యను చూసినవాళ్ళు కారు. అయినా అందరూ ఆమెన్ అన్నారు.

బయట ముసలాయన చెప్పులు తొడుక్కుంటూ, ఆ ప్రార్థన అయ్యేదాకా ఆగాడు.

నెల తిరిగేసరికి సెకండ్ వేవ్ ఊరిని ఊపేసింది. ఒక పొద్దున పద్మారాణి అనే ఆడమనిషి కవరు పట్టుకుని వచ్చింది.

"మా బాపు ఇచ్చి రమ్మన్నడు. మీరు బయటికి పంపిన ముసలాయన."

దేవదాస్ ముఖం మాడింది. "ఎట్లున్నడు?"

"పోయిన మంగళారం సచ్చిపోయిండన్నా."

కవరు విప్పాడు. గదికి పూర్వం ఇచ్చిన పర్మిషన్ నకలు! దానితోపాటు, పని మొదలుపెట్టుకోవచ్చని ఆఫీసు ముద్ర వేసిన కొత్త ఉత్తరం.

"దీనికోసం మూడు వారాలు తిరిగిండన్నా. రోగం గూడ గా తిరుగుట్లనే అంటుకుంది."

"అయ్యో! తనెవలో చెప్పచ్చు గద తల్లీ!"

"చెప్పబోతె నడువుమన్నరట."

దేవదాస్‌కు సిగ్గుతో తల పైకి లేవలేదు.

ఆ వంగిన చూపుకు, చేతిలోని పాత పర్మిషన్ కాయితం మీద, గది కట్టుకుంటామని అర్జీ పెట్టినవారి పేరు కనిపించింది: బ్రహ్మచారి.