మునిగిన ఓడకు కూడు

చెంగయ్య పెట్టుబడి ఒక పడవ, లేని బొమ్మలను కళ్లముందు చూపించే రెండు మిషను కళ్లజోళ్లు. డబ్బులిచ్చి ఆ జోళ్లు పెట్టుకుంటే పులికాట్ సరస్సులో మునిగిన పాత ఓడ తెరచాపలతో, నావికులతో లేచి నిలబడేది.

ఒకరోజు పట్టపుపాలెం నాగూరమ్మ ఆకులో కూడు కట్టుకుని పడవెక్కింది. జోడు పెట్టుకుని ఓడకేసి చూసింది.

"మా వంశంలో పెద్దాయన ఈ ఓడలోనే పోయినాడంట. ఆయనకని అన్నం, చేపల కూర తెచ్చినా. ఈళ్లలో ఆయనెవురు అబ్బయా?"

ఎవరో ఒకరిని చూపించడం చెంగయ్యకు అలవాటే. కానీ ఆకు విప్పుతున్న ఆమె చేతులను చూసి అబద్ధం ఆడలేకపోయాడు.

"ఎవురూ కాదమ్మా. ఆ మొహాలన్నీ మిషను కల్పించినవే."

"మొహాలు గూడా అమ్ముకుంటన్నారా!"

ఆమె జోడు తీసేసి మొలలోతు నీళ్లలోకి దిగింది. నీళ్లపైకి పొడుచుకొచ్చిన, నాచు పట్టిన ఓడ కొయ్యను తడిమి, దాని మీద కూడు పెట్టి ఏడ్చింది. చెంగయ్య కూడా దిగి, కొయ్య మీద చెయ్యి ఆనించాడు.

బేరం పోయింది. ఇన్నేళ్లు అమ్ముకున్న ఓడను ముట్టుకోవడం అదే మొదలు. ఆ పూటకు వచ్చిన లాభమంతా అదే.