మైకులో పిలిచిన పేరు

"మన సంఘానికి కంప్యూటర్ నడిపిస్తున్న వీరాంజనేయులుగారు ఇప్పుడు తొలి దాతగా రక్తం ఇస్తారు!" అని అఖిల మైకులో అనేసింది.

ఆయనకు ముందుగా చెప్పలేదు. చెబితే తప్పించుకుంటాడని ఆమెకు తెలుసు.

వీరాంజనేయులు చిలకలూరిపేట నూలు మిల్లులో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. ఆ మాట నోరు తిరగక అందరూ కంప్యూటరాయన అంటారు. హైస్కూలు టీచరు అఖిల రక్తదాతల సంఘం పెట్టినప్పుడు, పిలవకుండానే వచ్చి చేరాడు. ఏ ఊళ్లో ఏ గ్రూపువాళ్లున్నారో, ఎవరు మళ్లీ ఎప్పుడివ్వచ్చో అంతా కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆదివారాలు మిరప కల్లాల వెంట తిరిగి, కాయలు ఆరబోసుకునేవాళ్లను బతిమాలి సంఘంలో చేర్పించేవాడు. ఎవరికైనా రక్తం కావాలని ఫోనొస్తే, తింటున్న అన్నం వదిలి లేచేవాడు.

తను మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు.

"ఏసీ గదిలో కూర్చుని కూర్చుని తెల్లగా పాలిపోయాడు. ఆయనకి సూదంటే హడల్లే" అని నవ్వుకునేవారు. నెలకోసారి సెలవు పెట్టి గుంటూరు వెళ్లేవాడు. ఆ రోజు ఫోనెత్తడు. అక్కడెవరో ఆడమనిషి ఉందని కూడా గుసగుసలు.

ఈ శిబిరం పెట్టిన ఊళ్లో పెద్దరైతు బాపయ్య. ఆయన ఊ అంటేనే ఊరు కదులుతుంది. ఆ బాపయ్యే అడ్డం తిరిగాడు.

"మా పిల్లకాయల్ని పడుకోబెట్టేముందు మీ కంప్యూటరాయన్ని పడుకోబెట్టమ్మా, చూద్దాం. రక్తమిస్తే ఏం కాదని ఊరూరా చెప్పే మనిషి, తనెందుకివ్వడు?"

అందుకే అఖిల మైకు పట్టుకుంది.

వీరాంజనేయులు లేచాడు. డాక్టరు దగ్గరికెళ్లి చెవిలో ఏదో అన్నాడు. డాక్టరు ఆయన భుజం తట్టి వెనక్కి పంపేశాడు.

"చూశార్రా! సూది చూడకముందే చచ్చాడు!" అన్నాడు బాపయ్య. జనం ఘొల్లుమన్నారు. నవ్వుకుంటూనే ఒక్కొక్కరూ జారుకున్నారు. మంచాలు ఖాళీగా మిగిలాయి.

అఖిలకు ఏడుపొక్కటే తక్కువ. "భయమైతే ముందే చెప్పి ఏడవచ్చుగా! ఈ ఊరితో పాటు చుట్టుపక్కల ఊళ్లూ పోయినట్టే."

"తప్పు నాదేనండీ."

"మీరిక సంఘానికి రావద్దు. ఆ పాస్‌వర్డేదో ఇచ్చి వెళ్లండి."

ఆయన ఇచ్చేశాడు. "ఎండాకాలంలో రక్తానికి కటకటండీ. దాతలకి ఫోన్లు చేయడం మాత్రం మానకండి" అన్నాడు.

ఇంకా ఈ బడాయి ఒకటి అనుకుంది అఖిల.

వారం తిరగకుండానే గుంటూరు ఆసుపత్రి నుంచి నర్సు జైతున్‌బీ ఫోన్ చేసింది.

"బి నెగెటివ్ కావాలి మేడమ్, అర్జెంటు. ఎప్పుడూ దాతని పేషెంటువాళ్లే తెచ్చుకునేవాళ్లు, ఈసారి కుదర్లేదంట. మనిషి బాగా నీరసించిపోయాడు."

అఖిలది అదే గ్రూపు. కంప్యూటర్ తెరవకుండానే బస్సెక్కింది. ఒక పిరికివాడు పోయినంత మాత్రాన సంఘం ఆగదని ఆ బాపయ్యకు చూపించాలి. మంచం మీద పడుకుని, చెయ్యి చాపి, సూది దిగుతుంటే నవ్వింది.

పరీక్షలవీ అయ్యేసరికి సాయంత్రమైంది. తన రక్తం ఎవరికి ఎక్కిస్తున్నారో చూసి వెళ్దామనిపించింది.

"రండి. పాపం, ఒంట్లో రక్తం నిలవని జబ్బు. పుట్టుకతో వచ్చింది. నెలనెలా ఎక్కిస్తేనే బతుకు. బయట తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఎవరితోనూ చెప్పుకోడు" అంటూ జైతున్‌బీ వార్డు తెర పక్కకు జరిపింది.

అఖిల రక్తం చుక్కచుక్కగా వీరాంజనేయులు చేతిలోకి దిగుతోంది.